కరెంటు రాని తీగ

టార్టులో మార్చి. నది మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది.
తాళాలు బాగుచేసే ఎండెల్
పక్షవాతం కొట్టిన కుడిచేతిని
ఎడమచేత్తో మోసుకొచ్చి బల్ల మీద పెడతాడు,
పక్కింటి పిల్లిని దించినంత జాగ్రత్తగా.

మెడ వెనక రెండు తీగలు అతికిస్తాను.
తొమ్మిది పుల్లలు, తొమ్మిది బెజ్జాలు,
నా చేతిలో స్టాప్‌వాచ్.
మొదటి వారం మూడు పుల్లలు, ఒక బూతుమాట.
ఆరో వారం ఏడు.
ఎనిమిదోది హీటరు కిందికి దొర్లితే
నేను మోకాళ్ల మీద వెతికాను,
అతను కర్రతో దారి చూపించాడు.

"చిమచిమలాడుతోంది, పనిచేస్తోంది" అనేవాడు.
తలూపేదాన్ని.
నాకూ తెలియదు. తెలియకూడదు కూడా.

నిన్న కవర్లు విప్పారు.
అతని పెట్టెలో కరెంటు లేదు. ఒక్కరోజూ లేదు.
పటంలో అతను కింది గీత.
పై గీత ఎంత ఎత్తో తెలియాలని గీసింది.

ఫోన్ చేసి చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత ఇనుము ఇనుమును గీరిన చప్పుడు,
మళ్లీ గీరిన చప్పుడు,
టక్.

"విన్నావా? కుడిచేత్తోనే."

ఎన్ని సెకన్లు పట్టిందో
నేను చూడలేదు.