కదలనిది ఒకటి

నాలుగేళ్లు ఖాళీ సీసాలు పోగేశాం.
సూపర్ మార్కెట్ గోడలోని యంత్రం నోట్లో
ఒక్కోటీ పెడితే
పదిహేను సెంట్లు, పెద్దదైతే ఇరవై ఐదు.
యోస్ట్ కాలవ గట్ల మీద పారేసినవి కూడా ఏరుకొచ్చేవాడు.
తులిప్ దుంపలు ఏరే చేతులు కదా,
ఏది పనికొస్తుందో వాటికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ చిల్లరంతా అక్టోబరులో
రెండు టిక్కెట్లయింది, రెండు రాత్రుల గదయింది.
మూడో అంతస్తు. కిటికీ తీస్తే
చెక్కతో కట్టిన రోలర్ కోస్టర్,
వానకి నాని నల్లబడ్డ దూలాల అస్థిపంజరం.
రెండు నిమిషాలకోసారి కేకలు.

తెల్లారి యోస్ట్ మేజోడు తొడుక్కోబోయి
మంచం అంచు పట్టుకుని ఆగిపోయాడు.
"ఫెన్నా, గది తిరుగుతోంది."
వేళాకోళమనుకున్నాను.
తర్వాత చెత్తబుట్ట అందించాను.

డాక్టరమ్మ సైకిల్ మీద వచ్చింది,
రెయిన్‌కోటు నుంచి నీళ్లు కార్పెట్ మీద కారుతుండగా చెప్పింది:
"లోపలి చెవికి జబ్బు. భయం లేదు, వారం పది రోజులు.
కదలనిది ఏదైనా ఒకటి ఎంచుకుని
దాన్నే చూస్తూ ఉండండి."

దీపం వైపు చూశాడు. దీపం పారిపోయింది.
తలుపు పిడి చూశాడు. అదీ నిలవలేదు.
చివరికి నా స్వెట్టర్ పై బొత్తాం మీద ఆగాయి కళ్లు.
"నువ్వు కదలకు" అన్నాడు.
కదల్లేదు.
కాలు తిమ్మిరెక్కింది, కాఫీ చల్లారింది,
ముక్కు సరిగ్గా అప్పుడే దురద పెట్టింది.
స్కూలు బస్సు నడిపేదాన్ని, కూర్చోవడం నాకు కొత్త కాదు,
ముందు దారి లేకుండా కూర్చోవడమే కొత్త.
"చూశావా, టిక్కెట్టు లేకుండానే తిరుగుతున్నా" అని నవ్వబోయాడు,
నవ్వు కూడా పక్కకి ఒరిగి
మళ్లీ చెత్తబుట్ట.

ఇక్కడొక మాట ఉంది, తనకి ఇప్పటికీ చెప్పలేదు.
గది తిరుగుతోందన్నప్పుడు
నాలో మొదట కదిలింది భయం కాదు,
ఊరట.
నాలుగేళ్లుగా ప్రతి సీసా యంత్రంలో పెడుతూ
ఆ చెక్క కొండ ఎక్కకుండా తప్పించుకునే సాకే వెతుక్కున్నాను.
దొరికింది.
దొరికిన తీరుకి తల ఎత్తలేకపోయాను.

మధ్యాహ్నం మూడింటికి, "వెళ్లు.
ఒక్కసారెక్కి, వచ్చి చెప్పు."
వద్దన్నాను.
"సీసాలు" అన్నాడు, అంతే.
కళ్లు మూసుకుని బొత్తాం వదిలేశాడు.

నలభై నిమిషాల వరస.
ముందు ఒక జంట వేయించిన బంగాళాదుంప ముక్కలు
మయోనైజులో ముంచి ఒకరికొకరు తినిపించుకుంటోంది.
నా పక్క సీటు ఖాళీ.
పనికుర్రాడు దానికి కూడా కడ్డీ దించి
గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు.
టకటకా, టకటకా, గొలుసు పైకి లాగుతోంది.
బస్సు వెనక సీట్లో పిల్లలెవరైనా కీచుమంటే
అద్దంలోంచి కళ్లురిమే దాన్ని,
కీచుమనడానికి నాకే ఊపిరి దొరకట్లేదు.

కొసకి చేరి బండి ఒక్క క్షణం ఆగింది.
పొలాలు, పైన్ చెట్లు, వానలో మెరిసే కార్లు,
అన్నీ ఒరిగిపోతున్నాయి.
కదలనిది ఒకటి.
హోటల్ గోడ. మూడో వరస. ఎడమ నుంచి ఐదో కిటికీ.
సగం మూసిన గోధుమరంగు తెర.
పట్టుకున్నాను.
ఆ తర్వాత కింద ఏమీ లేదు.

"ఎలా ఉంది?"
చెబుదామని నోరు తెరిచి
బాత్రూంలోకి పరిగెత్తాను.
గోడవతల నుంచి యోస్ట్ నవ్వు.
రెండు చేతులా మంచం పట్టుకుని నవ్వుతున్నాడని
చూడకుండానే తెలిసింది.

ఆదివారం ఇంటికి రైలు.
నా భుజం మీద తన తల,
మోకాళ్ల మధ్య నీళ్ల సీసా.
మా స్టేషను వచ్చేముందు ఆఖరి గుక్క నాకిచ్చి,
మూత బిగించి,
తడుముకుంటూ సీసాని నా సంచిలో దోపాడు.
పదిహేను సెంట్లు.