మూడో సీసా

ఆటోనగర్ రెండో రోడ్డు చివర
మా షట్టరు సగం ఎత్తేసరికే వచ్చి నిలబడ్డాడు
ట్రావెల్స్ బండి తోలే తుమ్మా ఏసోబు.
వెనక తెల్ల కారు, దాని వెనక తెల్ల పొగ.
"నాలుగు ఇంజెక్టర్లూ మార్చాలంట, నలభై వేలంట."
మొదటి మాటే ధర.
జబ్బు సంగతి తర్వాత చెప్పాడు.

పొద్దుటి పూట పట్టదు.
సెల్ఫు పదిసార్లు ఏడిస్తేగానీ లేవదు.
లేచాక, నలుగురు దంచే రోట్లో
ఒక రోకలి వరస తప్పినట్టు చప్పుడు.

మా నాగుల్ మీరా ఉస్తాద్‌కి కుడి చెవి లేదు,
లారీల మధ్య ఎక్కడో పారేసుకున్నాడు.
ఎడమది కూడా సెలవు చీటీ పెట్టుకుంది.
అందుకని వేళ్లతో వింటాడు.
పైపు మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూస్తాడు.
నాడి చూస్తున్నావా అంటే తిడతాడు:
"నాడి చూసేవాడికి ఫీజు ముందిస్తార్రా,
మనకి ఎనకిస్తారు."

"సీసాలు తే."

దగ్గుమందు సీసాలు నాలుగు, లేబుళ్లు గీకేసినవి.
రిటర్న్ గొట్టాలు తలా ఒకదాంట్లోకి దించి
బండి లేపి, నిమిషం లెక్కపెట్టాం.
కాల్చినంత కాల్చి
మిగిలిన కాస్తా వెనక్కి పంపాలి ఇంజెక్టరు.
ఒకటోదాంట్లో వేలెడు. రెండూ నాలుగూ అంతే.
మూడో సీసా మెడదాకా నిండి గొణుగుతోంది.

"దొరికాడు దొంగ" అన్నాను.
"దొంగైతే దాచుకునేవాడు. వీడు కారిపోతున్నాడు.
వీడివల్ల ప్రెజరు నిలవదు,
మిగతా ముగ్గురూ ఖాళీ చేతుల్తో నిలబడతారు."

బోల్టు ఊడింది గానీ ఇంజెక్టరు ఊడలేదు.
సీటు చుట్టూ మసి తారులా బిగిసింది.
డీజిల్ పోసి నానబెట్టి
భోజనాలయ్యాక జారుడు సుత్తి తగిలించి
దెబ్బ దెబ్బకీ నూలుపోగంత పైకి తెచ్చాం.

బెంచి ఉన్న ఏసీ గది,
మా షెడ్డులో చెప్పులు విడిచే చోటు అదొక్కటే.
అక్కడ విప్పితే
వెంట్రుక పట్టని సందులో ఆడే సూది
నడుమున ఎర్రటి మరక.

"బండి నీళ్లలో ఉందా?" అన్నాడు ఉస్తాద్.
"లేదు."
కాసేపాగి, "టైర్లదాకా."
నేనేం మాట్లాడకుండా ఫిల్టరు అడుగు స్క్రూ వదులు చేశాను.
ముందొచ్చింది డీజిల్ కాదు.
అరగ్లాసు టీ రంగు నీళ్లు, బురద వాసన.

ఏసోబు గ్లాసు వంకే చూశాడు.
"సింగ్‌నగర్ మాది. బుడమేరొచ్చినప్పుడు
నాలుగు రోజులు మేడ మీదున్నాం.
కిందకి చూస్తే బండి కప్పొక్కటే కనపడేది.
లేవగానే కప్పుందా అని చూసుకుని
ఆ తర్వాతే పిల్లోడి పాల సంగతి.
ఫైనాన్సోళ్లు అడిగితే టైర్లదాకా అన్నా.
బేరానికొచ్చినోళ్లకీ అదే చెప్పా.
చెప్పీ చెప్పీ
నాకూ టైర్లదాకానే గుర్తుండిపోయింది."

ట్యాంకు దించి కడిగాం. ఫిల్టరు కొత్తది.
మూడోదానికి నాజిలు, వాల్వు, అడుగున రాగి వాషరు.
బెంచి మీద స్ప్రే చూశాం:
పొగమంచులా రావాలి, ఉమ్మినట్టు రాకూడదు.
రెండుసార్లు ఉమ్మింది. మూడోసారి మంచు.
కొత్త లెక్క కట్టి ఆ నంబరు ల్యాప్‌టాప్‌లో ఎక్కించాం,
లేకపోతే సొంత బండే దాన్ని పరాయివాణ్ణి చూసినట్టు చూస్తుంది.

తాళం తిప్పిన మొదటిసారికే లేచింది.
నాలుగు రోకళ్లూ వరసలో పడ్డాయి.
బిల్లు పద్నాలుగు వేల ఆరొందలు.
పన్నెండిచ్చి, మిగతాది శనివారం అన్నాడు.
ఏ శనివారమో అనలేదు.

బండి మలుపు తిరిగాక
సీసాలు కడుగుతూ అడిగాను:
"మిగతా మూడూ అవే నీళ్లు తాగాయిగా,
ఆ సంగతి చెప్పలేదేం?"
ఉస్తాద్ ఎడమ చెవి నా వైపు తిప్పి,
"చెప్పారా. అతనికే
వినపడినట్టు లేదు."