చంద్రపూర్‌లో చలిమంట

నలభై ఏడు డిగ్రీల ఊళ్లో
క్లబ్‌హౌస్‌కి చలిమంట గూడు గీశాను.
బిల్డర్‌కి అడవి బంగళా కావాలట:
దూలాలు, రాతిగోడ, తోలు కుర్చీలు.
మంట మాత్రం కరెంటుది, వేడి లేనిది.

సిరోంచ నుంచి వచ్చిన వడ్రంగి ఓదెలు
దూలాన్ని వేలితో తట్టి
"లోపల బోలు" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.

టీ తాగుతూ ఎప్పుడో చెప్పాడు,
వాళ్ల నాయన ప్రాణహిత ఒడ్డున
దొరలు దిగే బంగళాకి తలుపులు చేశాడని.
"గడప నున్నగ జేసిండు. దాటింది లేదు."
నేను పాలిష్ నమూనాలు తిరగేశాను.

పని ముగిసిన రోజు
వెనకవైపు, జనరేటర్ పక్కన,
మిగిలిన టేకు ముక్కలతో ఓ బల్ల.
నలుగురికి సరిపోతుంది:
ఇద్దరు వాచ్‌మెన్లు, ఊడ్చే శేవంతాబాయి,
నాలుగో చోటు ఎవరికో నేనడగలేదు.

ప్లాన్‌లో లేదది.
రాత్రి కూర్చుని గీతల్లో కలిపాను.
పేరు రాసేచోట
పెన్సిల్ ఆగింది.