లోగది చెవి

ముహరఖ్‌లో రాత్రి రెండు దాటాక
మా కప్పు మీంచే ఒక విమానం దిగుతుంది.
అది దిగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంటాను.
గాలి మీద తేలే బల్లే అయినా వణుకుతుంది.
గాజు సూది మొన జారిందా,
గంటసేపు పట్టిన పట్టు పోయినట్టే.

సూది కింద ముత్యపు చిప్ప కణం.
కాదు, కణం కూడా కాదు,
పైపొర వలిచి తీసిన కేంద్రకం.
పనసతొనలోంచి జారిన గింజలా
నున్నగా, ఒంటరిగా, ఉప్పునీళ్లలో.

ఒత్తిడంతా పైపొరకే తెలుసనుకునేదాన్ని.
వీధి తలుపు కొడితే
లోగదికేం తెలుస్తుంది, ఎవరైనా కబురు మోసుకొస్తే తప్ప?

గొట్టం చివర నోరు పెట్టి కొంచెం పీలుస్తాను.
తెర మీద గీత కదలదు.
ఇంకొంచెం.
పొర సాగుతుంది, ఉబ్బుతుంది,
టక్కున ఒక మెట్టు.
గీత కిందికి దిగి, నిలబడి, మళ్లీ ఎక్కుతుంది.
ఒక తలుపు తెరుచుకుని మూసుకుంది.
రెప్ప వేసేలోపు అలా పదిసార్లు జరగొచ్చు.
ఆ సందులోంచి దూరేది కాల్షియం,
తమలపాకుకి రాసే సున్నంలో ఉన్నదే,
చిప్ప తన గోడ కట్టుకునేదీ దాంతోనే.

సూరాడ పోలయ్య ఇది విని నవ్వాడు.
హిద్ద్ రేవులో ఓడల అడుగున గుల్లలు గీకే పని అతనిది.
"ఇందుకా నీకు జీతమిస్తన్నారు, సెల్లెమ్మా?
నీటి బరువు ముందల సెవికి తెలుస్తాది.
తరవాత పళ్లకి.
ఆ తరవాత దానికి పేరు నేదు.
గుండి కాదు, ఇంకా లోపల."
అనేసి సాఫీ చేపలు బేరమాడ్డంలో పడ్డాడు.

పోయిన వేసవి వాళ్లకి నాలుగు నెలలు జీతాల్లేవు.
పద్నాలుగు మంది గదిలో రెండు మంచాల మధ్య కూచుని
ఇంటికి ఫోన్లో "బాగానే ఉన్నాను" అంటూనే ఉన్నాడట.
ఒకరోజు గాలి గొట్టం విప్పి
ఫోర్‌మన్ కాళ్ల దగ్గర పెట్టి
"దిగను" అన్నాడు.
అరవలేదు. రెండోసారి అనలేదు.
మర్నాడు పదకొండు మంది దిగలేదు.
జీతం వచ్చిందా అంటే,
రెండు నెలలది వచ్చింది.

కేంద్రకాన్ని మనిషితో పోల్చకూడదు,
మా ప్రొఫెసర్ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను.
కణానికి కోపం లేదు, బాకీల్లేవు.
కానీ గీత దిగిన ప్రతిసారీ
నాకా మాటే వినిపిస్తోంది, ఏం చెయ్యను.

విమానం చప్పుడు ఆగింది.
మొన జారలేదు.
ఇంకొంచెం పీలుస్తున్నాను.
ఎంతకి తెరుచుకుంటుందో
రాసుకోవాలి.