చేతికర్ర గుర్తు

పది రోజులకని వచ్చాను.
ఓటరు కార్డులో పెంచలయ్యకి బదులు
పంచరయ్య అని పడిందని, దిద్దించుకుపోదామని.
పులియాంతోపులో దిగేసరికి
మా బ్లాకు మెట్ల కింద రెండు వర్గాలూ కూర్చుని ఉన్నాయి,
మధ్యన చల్లారిపోయిన టీ గ్లాసులు.

మా లోకం పెద్దదేం కాదు.
అటు ఓట్టేరి కాలువ, ఇటు రైలు కట్ట,
మధ్యలో ముప్ఫై బ్లాకులు, నాలుగు చేతిపంపులు,
నెల్లూరు యాసలో తిట్టుకుని
తమిళంలో రాజీపడే జనం.
ఇక్కడే పుట్టి, ఇక్కణ్ణుంచే
పద్దెనిమిదో ఏట బోరు లారీ ఎక్కాను.
ఇరవై రెండేళ్ళు దిగలేదు.

ఊళ్ళ పేర్లు నాకు గుర్తుండవు.
మట్టి గుర్తుంటుంది.
నల్లగొండలో నాలుగు వందల అడుగుల దాకా బూడిద,
బార్మేర్‌లో ఉప్పు,
ఝాన్సీ దగ్గరెక్కడో ఎర్రరాయి పొడి,
మూడు రోజులు ఉమ్మినా నోట్లోంచి పోలేదు.
నీళ్ళు పడితే కొబ్బరికాయ, కోడికూర.
పడకపోతే అడుగుల లెక్కన డబ్బు తీసుకుని
తెల్లారకముందే పైపులు సర్దేసేవాళ్ళం.
తప్పు రాయిది.
రాయితో ఎవరు పోట్లాడతారు?

"ఏసుదాసు మనుషులకి నువ్వంటే కోపం లేదు,
అంకయ్య మనుషులకీ లేదు" అంది సుగుణక్క,
కార్పొరేషన్ చీపురు గోడకి ఆనించి.
"కోపం రావడానికి నువ్వుంటేగా ఇక్కడ!"
అదే నా అర్హత.
నాకు తెలిసిన ఐదు భాషల్లోనూ వద్దన్నాను.
లారీ ఎప్పుడు కదులుతుందని
పళనివేల్‌ని ఫోన్లో అడుగుతుండగానే
ఎవరో నామినేషన్ కాయితం మోకాలి మీద పెట్టి
సంతకం చేయించుకున్నారు.
ఇండిపెండెంట్లకి మిగిలిన గుర్తుల్లో
నాకు పడింది చేతికర్ర.
వెళ్ళిపోయేవాడికి చేతికర్ర!
గోడ మీద దాన్ని గీసిన కుర్రాడు
పట్టుకునే చెయ్యి గీయడం మరిచిపోయాడు.

నూట పదకొండు ఓట్ల తేడా.
దండ బరువుకి మెడ వంగింది.
లారీ నేను లేకుండానే రాయచూరు వెళ్ళిపోయింది.

ఇప్పుడు పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను.
"తలైవరే" అంటారు. ఎవర్నో అని వెనక్కి చూస్తాను.
చిరునామా ఉత్తరాలు రాసివ్వడం నా పని.
ఈమెను పదేళ్ళుగా ఎరుగుదును,
ఈ ఇంట్లోనే కాపురం, అని.
ఆ పదేళ్ళూ నేనెక్కడున్నానో
నాకే ఎవరూ ఉత్తరం రాసివ్వలేరు.
మొన్న దేవకృప వచ్చింది, పిల్లాడి స్కూలు కోసం.
తెలిసినవాడిలా రాయాలి కదా,
మీ తలుపు ఏ రంగని అడిగాను.
"తలుపు లేదన్నా, చీర కట్టాం. నీలం."
నీలం అని రాశాను. కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

పంపు కొడితే మురుగు వాసన.
ఎన్ని అడుగుల్లో ఏముంటుందో చెప్పగలను:
ఇక్కడ ఎంత లోతుకి దిగినా కాలువే.
ఇంజనీరు దగ్గరికెళ్తే "చూద్దాం" అన్నాడు.
నల్లరాయిలో దిగిన బిట్టు
ఆ మాటలో దిగలేదు.
నీళ్ళు రాకపోతే ఇప్పుడు
తప్పు నాది.
రాత్రికి రాత్రి సర్దుకోడానికి
పైపులేవి?

ఉన్నది ఒక సంచి.
నిన్న రాత్రి మూడింటికి హారన్ వినపడితే
మా లారీయే అనుకుని, సంచి భుజానేసుకుని
మెట్లు దిగాను.
నీళ్ళ లారీ.
అప్పటికే బిందెల వరస మలుపు తిరిగింది.
పచ్చవి, ఎర్రవి, ఒక ఇటుక, తెగిన చెప్పొకటి,
మనిషి వచ్చేదాకా మనిషికి బదులు నిలబడేవి.
"సంచి దించు, గొట్టం పట్టుకో" అంది సుగుణక్క.
ఎక్కడ దించానో చూసుకోలేదు.

తెల్లారేదాకా గొట్టం నా చేతిలోనే ఉంది.
వరస కదిలినప్పుడల్లా
ఎవరో ఒకరు కాలితో నా సంచిని
ఒక్క జానెడు ముందుకి జరుపుతున్నారు.