కమిలిన మూల

జేబు తడమకుండా ఏ గుడ్డనీ బల్ల మీద పరచను.
బొగ్గు రాజెయ్యడం కన్నా ముందు
మా నాయన నేర్పింది అదే.
బస్సు టిక్కెట్టు, మందుల చీటీ,
చెమటకి మెత్తబడిన యాభై నోటు,
ఒకసారి దూదిలో చుట్టిన పాలపన్ను.
దొరికింది ఏదైనా ఆ చొక్కాతోనే వెనక్కి పోతుంది.
ఉత్తరం దొరికితే విప్పకూడదు.
చెయ్యి జేబు దాకానే, అంతకు మించి
ఆ మనిషి ఇల్లు మొదలవుతుంది, అనేవాడు.

ఓట్టేరిలో స్టేషనుకి ఎదురు సందు మొదట్లో నా బండి.
ఖాకీకి డబ్బులు అడగం. అది రాయని లెక్క.
ఖాకీ మొండి గుడ్డ, చెంబెడు నీళ్లు తాగుతుంది.
మడత కత్తిలా నిలబడితే గానీ
ఎస్సైగారి మొహం విప్పారదు.

మంగళవారం ఆయన ప్యాంటు ఎడమ జేబులో
వేలెడు పొట్లం, అరవ పేపరు ముక్కలో చుట్టి.
తీసి పక్కన పెట్టాను. పెట్టె దించేటప్పుడు
అంచు తగిలి ఒక మూల కమిలింది.
వాసన తెలుసు. మా పేటలో ఎవరికి తెలియదు?
తిరిగి ఆ జేబులోనే పెట్టి పంపాను.
పద్ధతి పద్ధతే కదా.

గురువారం రాత్రి ఒంటిగంట దాటాక
దిల్లీబాబు ఇంటి రేకు తలుపు మీద బూటు.
బండి కింద పడుకున్నవాణ్ణి
విన్నాను, లేవలేదు.
“కాగితం ఉందా సారూ” అని అడిగిందట కన్నెమ్మ.
“కాగితం తెల్లారి వస్తుందిలే” అన్నారట.
బియ్యం డబ్బా బోర్లించారు. బొంత కుట్లు విప్పారు.
చెల్లెలి పరీక్ష అట్టని కూడా
దీపం దగ్గర పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారట.

పొద్దున్నే రైటరు పిలిచాడు.
“మునిరత్నం, పేటలో పెద్దమనిషివి, నువ్వు రావాలి.”
నిన్నటి దాకా ‘డేయ్’ అన్న నోరు అది.
నాలుగు తెల్లకాగితాలు. అడుగున వేలితో చోటు చూపించాడు.
బల్ల మీద పొట్లం, లక్క ఇంకా పడలేదు.
ఒక మూల కమిలి ఉంది.

సంతకం పెట్టాను.
చెయ్యి వణకలేదు. ఇప్పటికీ తినేది అదే.
తెలుగులో పెట్టాను, మా నాయన పలక మీద
దిద్దించినట్టు, ‘ము’ కొమ్ము పొడుగ్గా లాగి.

పుళల్ జైల్లో పదకొండు నెలలున్నాడు వాడు.
బెయిలు మీద వచ్చేసరికి
చెత్త లారీ మీద పని ఇంకొకడికి పోయింది.
ఇప్పుడు రోజూ నా బండి ముందు నుంచే నడుస్తాడు.
తిట్టడు. చూడడు.
నలిగిన చొక్కా వేసుకుని నడుస్తాడు,
అంతే.

నిన్న కోర్టు సమను వచ్చింది.
దాన్ని తెచ్చిన కానిస్టేబులే
రెండు జతల ఖాకీ కూడా తెచ్చాడు.
నేను సంతకం పెట్టిన కాగితాలు
ఫోనులో చూస్తూ చదివి వినిపించాడు:
మా కళ్లెదుట, బియ్యం డబ్బా అడుగున, ఇన్ని గ్రాములు.
“ఇదే చెప్పు చాలు, పది నిమిషాల పని.”
అన్నీ ఉన్నాయి అందులో. ఇంటి గుమ్మం ఏ దిక్కుకో కూడా ఉంది.
కమిలిన మూల ఒక్కటే లేదు.

ఈ రాత్రి నా చొక్కా నేను పరుచుకున్నాను.
అలవాటు కొద్దీ జేబు తడిమాను. ఖాళీ.
అయినా ఏదో బరువు తగిలినట్టయి
లోపలి కుట్టు దాకా వేలు పెట్టి వెతికాను.

దొరికింది ఎవరి జేబులోదో
వాళ్లకే తిరిగి ఇవ్వాలి. నాకు తెలిసిన చట్టం అంతే.
అది బోనులో నిలబడి నోటితో అనగలనో లేదో
తెలియదు నాకు.

పొద్దున కోర్టుకి ఇద్దరం ఒకే బస్సు ఎక్కాలి.
వాడి చొక్కా నలిగే ఉంటుంది.
పెట్టెలో బొగ్గు ఇంకా ఆరలేదు.