కౌలు తీరిన గుంట

ఉప్పుగాలికి పానెల్ పెట్టెల మడతబందులు
మూణ్ణెల్లకోసారి మారుస్తాం, విడవలూరు గుంటల మీద.
అట్టాంటి చోటికొచ్చి మస్తాన్‌బీ
కెర్నల్‌లోకి కొత్త భాష తెస్తానంది. పేరు రస్ట్.
"తుప్పా?" అన్నాడు మాల్యాద్రి, గ్రీజు చేతుల్తోనే.
"మాకది కొనకుండానే వస్తాదమ్మే."

నేను నవ్వలేదు.
పోయిన ఆషాఢంలో రాత్రి రెండూ నలభైకి
పద్దెనిమిది ఏరియేటర్లనూ ఒక్కసారే ఆపేసిన డ్రైవరు
నేను రాసింది. సీలో. పదకొండేళ్ల కిందట.
తెల్లారేసరికి గట్టు పొడుగునా తేలిన రొయ్య.
మాల్యాద్రి నన్నేమీ అనలేదు, అదే ఇంకా గుచ్చుకుంటోంది.

వదిలేసిన మెమరీని మళ్లీ తట్టాను, అంతే తప్పు.
కౌలు తీరిన గుంటలో
అలవాటుగా వల విసిరినట్టు.
అప్పటికే అందులో వేరేవాడి పిల్ల ఈదుతోంది.

"ఇది ముందే అడుగుతుంది సార్," అంది.
"గుంట ఎవరిది? కౌలెవరికిచ్చావు? ఎప్పటిదాకా?
కౌలుదారు ఇంకా గట్టు మీదుంటే
నువ్వెట్టా పూడుస్తావు?"
ఆ మధ్యాహ్నం ముప్పైసార్లు కుదరదంది నాతో.
ముప్పై ఒకటోసారి అరిచాను:
కరెంటు పోతే కొవ్వొత్తి పెట్టుకుని
కాగితం మీద సీ నేర్చినోణ్ణి,
నా పాయింటర్లు ఏది ఎక్కడ పడుకుంటుందో నాకు తెలుసు!
"మీకు తెలుసు సార్.
మీకు జొరమొచ్చిన రోజు?"

టీ తెప్పించాను.

మొత్తం మార్చలేదు, ఎవరు మారుస్తారు.
సెన్సారు చదివే ముక్క ఒక్కటే, నాలుగొందల వరసలు.
హార్డువేరును నేరుగా తాకే చోట
అన్‌సేఫ్ అని రాసి, ఎందుకో పైన రాసింది,
తూము దగ్గర ఎర్రగుడ్డ కట్టినట్టు:
ఇక్కణ్ణుంచి సముద్రం లోపలికొస్తాది, చూసుకో.
నా సీ నిండా తూములే.
ఒక్క గుడ్డపేలికా లేదు.

ఆమె దాన్లో నేనూ ఒకటి పట్టాను లెండి.
ఆక్సిజన్ నాలుక్కి తగ్గితే అనాల్సింది
పెరిగితే అని రాసింది.
కంపైలరు గమ్మునుంది. దానికి రొయ్య తెలీదు.

ఆమె పేరు కింద నా పేరు పెట్టాను.
చీకటిపడ్డాక పద్దెనిమిదీ నీళ్లు చిమ్ముతున్నాయి,
వాటి అడుగున ఇంకా నా పాతదే,
పన్నెండు వేల వరసలు.

రెండూ నలభైకి మెలకువొచ్చి ఫోను చూశాను.
ఏం లేదు.
కాసేపాగి మళ్లీ చూశాను.